పనిచోట చెవులు పోకుండా కాపాడుకోవడం ఎలా?

గ్రైండింగ్ సెక్షన్‌లో ఇరవై ఏళ్లు పనిచేసిన ఒకాయనని ఓసారి అడిగాను, చెవులు ఎలా ఉన్నాయని. "నాకేం, బ్రహ్మాండంగా వినపడుతుంది. ఈమధ్య మా ఇంట్లోవాళ్లే నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారు" అన్నాడు. జోక్ అనుకుని నవ్వబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. నిజంగానే అంటున్నాడు.

మోత వల్ల వచ్చే చెవుడు ఇలాగే మొదలవుతుంది. మాట వినపడుతూనే ఉంటుంది, ఏం మాటో తెలియదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఒకటి ఉంటుంది, కాక్లియా అంటారు. ఒక్కో కాక్లియాలో శబ్దాన్ని పట్టుకునే సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. పెద్ద మోతకి అవి అలిసిపోతాయి, మోత ఆగాక కొన్ని గంటల్లో తేరుకుంటాయి. రోజూ అదే దెబ్బ తగులుతుంటే చచ్చిపోతాయి. మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. ముందుగా పోయేవి 4000 హెర్ట్జ్ (ధ్వని ఎంత సన్నటిదో చెప్పే కొలత) చుట్టుపక్కల ఉండే సన్నటి ధ్వనుల్ని పట్టుకునే కణాలు. మాటలో అచ్చులు లావు ధ్వనులు కాబట్టి అవి నిలబడతాయి. స, శ, చ, త, క లాంటి హల్లుల్ని విడదీసి చెప్పేవి ఆ సన్నటి ధ్వనులే. అవి పోయాక "కప్పు", "తప్పు" రెండూ ఒకేలా వినపడతాయి. అందుకే ఎదుటివాళ్లు గొణుగుతున్నట్టు అనిపిస్తుంది.

వేలు తెగితే పని ఆగుతుంది, అందరూ పరిగెత్తుకొస్తారు. చెవి పోతుంటే ఏ అలికిడీ ఉండదు. కాబట్టి మనమే కాస్త లెక్కలు వేసుకుని జాగ్రత్తపడాలి. మీరు పదిమందితో పనిచేయించే సూపర్‌వైజర్ అయినా, మీ చెవులు మీరే చూసుకోవాల్సిన పనివాళ్లయినా వరస ఇదే: కొలవడం, మోతని పుట్టిన చోటే తగ్గించడం, మోతలో ఉండే టైమ్ తగ్గించడం, ఆ తర్వాతే చెవికి ఏదైనా పెట్టుకోవడం. చాలాచోట్ల ఈ ఆఖరి పని మొదట చేసేస్తారు. ఒక డబ్బా ఇయర్‌ప్లగ్‌లు కొని, గోడకి బోర్డు తగిలించి, పని అయిపోయిందనుకుంటారు.

ముందు కొలవండి

పరికరం ఏదీ లేకపోతే మీ గొంతే పరికరం. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తుంటే, అక్కడ మోత 85 డెసిబెల్స్ (మోత ఎంత పెద్దదో చెప్పే కొలత) దాటి ఉండే అవకాశం చాలా ఎక్కువ. షిఫ్ట్ అయ్యాక చెవుల్లో హోరు వినిపిస్తున్నా, దూది కుక్కినట్టు ఉన్నా ఆ రోజు మోత హద్దు దాటిందనే అర్థం. పొద్దున్నకి సర్దుకుంది కదా అని వదిలేయొద్దు. అలా వారాల తరబడి సర్దుకుంటూ వచ్చిన చెవి ఒకరోజు సర్దుకోదు.

కాస్త కచ్చితంగా కావాలంటే సౌండ్ లెవల్ మీటర్ తెచ్చుకోండి. ఐఫోన్ ఉంటే పనిచోట ఆరోగ్యం, భద్రతల మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ వాళ్లు ఉచితంగా ఇచ్చే సౌండ్ లెవల్ మీటర్ యాప్ ఉంది, మొదటి అంచనాకి సరిపోతుంది. ఏది వాడినా సెట్టింగ్ 'ఎ' వెయిటింగ్‌లో (మనిషి చెవి వినే తీరుకి తగ్గట్టు కొలిచేది) ఉంచండి, మనిషి చెవి ఉండే ఎత్తులోనే పట్టుకోండి. మెషీన్ పక్కన నేల మీద పెట్టి కొలిస్తే అది మెషీన్ మోతే అవుతుంది, మనిషి చెవికి చేరే మోత కాదు.

ఇప్పుడు లెక్క. నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట, 97 అయితే అరగంట. 100 దగ్గర 15 నిమిషాలే. యాంగిల్ గ్రైండర్ ఉక్కు మీద ఆనినప్పుడు 100 చేరడం పెద్ద విషయమేమీ కాదు. అంటే టీ విరామానికి ముందే ఆ రోజు కోటా అయిపోయినట్టు.

అదే అమెరికాలో పనిచోట భద్రత నియమాలు చూసే ఓషా సంస్థ చట్టం ఇంకాస్త వదులుగా ఉంటుంది: 8 గంటలకి 90, ప్రతి 5 డెసిబెల్స్‌కీ టైమ్ సగం. ఏది పాటించాలని నన్నడిగితే, గట్టిదే పాటించండి అంటాను. 1998లో నియోష్ వేసిన అంచనా ప్రకారం 40 ఏళ్లు 90లో పనిచేసేవాళ్లలో నూటికి 25 మందికి ఆ మోత వల్లే చెవుడు వచ్చే ప్రమాదం ఉంది. 85లో పనిచేస్తే నూటికి 8 మందికి. 85 కూడా పూర్తిగా క్షేమం కాదని గమనించండి. మీ ప్రాంతంలో చట్టం ఏ అంకె చెబుతుందో కూడా కనుక్కోండి. అది దాటకూడని గీతే గానీ అక్కడిదాకా వెళ్లమని చెప్పడం కాదు.

డెసిబెల్స్‌ని మామూలు అంకెల్లా కూడకూడదు. 90 మోత ఉన్న మెషీన్ పక్కన అలాంటిదే ఇంకొకటి పెడితే 180 కాదు, 93 అవుతుంది. మూడే కదా పెరిగింది అనుకోవద్దు, పైన చెప్పిన లెక్కలో ఆ మూడుతో టైమ్ సగమైపోయింది.

కొలిచాక నేల మీద పెయింట్‌తో గీత గీయండి. గీత లోపల చెవికి రక్షణ తప్పనిసరి, బయట అక్కర్లేదు. ఈ గీత గురించి చివర్లో మళ్లీ చెబుతాను.

మోత పుట్టిన చోటే పట్టుకోండి

ఇక్కడ పెద్ద పెద్ద ఖర్చులు ఊహించుకుని భయపడతారు. కానీ మోతలో చాలా భాగం పని చేసే మోత కాదు, వదులైన వస్తువుల మోత. నేను చూసిన ఒక బ్లోయర్ చెవులు గింగురుమనేలా అరిచేది. అందరూ ఫ్యాన్‌దే తప్పనుకున్నారు. ఒక ముసలి ఫిట్టర్ వచ్చి, దాని బెల్ట్ మీదున్న రేకు కవర్‌ని బయటినుంచి అరచేత్తో గట్టిగా అదిమాడు. మోత ఠక్కున సగానికి పడిపోయినట్టయింది. చేయి తీశాడు, మళ్లీ గోల. ఆ కవర్‌కి నాలుగు బోల్టులుండాలి, రెండే ఉన్నాయి. రెండు బోల్టులు, కవర్ కింద నాలుగు రబ్బరు వాషర్లు, అంతే. ఆ మెషీన్ పక్కన అప్పటికి ఎన్నేళ్లుగా మనుషులు నిలబడి ఉన్నారో!

మీరూ అదే చేయండి. మెషీన్ నడుస్తుండగా తిరిగే భాగాల జోలికి పోకుండా, బయటి కవర్లు, రేకులు, పైపులు మాత్రం ఒక్కొక్కటీ అదిమి చూడండి. చెయ్యి పెట్టడం క్షేమం కాని చోట మెషీన్ ఆపి, వదులుందేమో చూడండి. ఎక్కడ అదిమితే మోత తగ్గుతుందో అక్కడ బిగించాలి, లేదా రబ్బరు వేయాలి. అరిగిన బేరింగ్, గ్రీజు అందని షాఫ్ట్, మొండిబారిన రంపం బ్లేడు కూడా మోత పెంచుతాయి. నిన్నటిదాకా లేని కొత్త కీచుమోత వినిపిస్తే రిపేర్‌కి అదే పిలుపు.

ఎయిర్ గన్ సంగతి వేరే చెప్పాలి. ఒట్టి పైపులోంచి గాలి కొట్టి దుమ్ము దులపడం అలవాటు కొద్దీ చేసే పని, అది చేసే మోత మాత్రం పెద్ద మెషీన్లకి తీసిపోదు. మోత తగ్గించే నాజిల్ ఒకటి బిగించండి, గాలి ప్రెజర్ పనికి సరిపడా తగ్గించండి. బ్రష్ లేదా వాక్యూమ్‌తో అయ్యే చోట గాలే వద్దు.

ఇనప ముక్కలు ఇనప డబ్బాలో పడే చోట డబ్బా లోపల రబ్బరు షీట్ వేయండి, పడే ఎత్తు తగ్గించండి. సుత్తితో సాపు చేసే పని ప్రెస్‌తో అవుతుందేమో చూడండి. సుత్తి తప్పదంటే రేకుని గట్టిగా క్లాంప్ చేసి కింద ఇసుక బస్తా వేస్తే గంటలా మోగదు. కంప్రెసర్, జనరేటర్ లాంటివి మనుషులకి దూరంగా జరపండి. ఆరుబయట దూరం రెట్టింపయితే మోత 6 డెసిబెల్స్ తగ్గుతుంది. షెడ్డు లోపల అంత లాభం ఉండదు, గోడలూ కప్పూ మోతని తిప్పికొడతాయి.

మెషీన్ చుట్టూ పెట్టె కడితే సందులు లేకుండా కట్టండి. పెట్టె మొత్తంలో నూటికి ఒక వంతు సందు మిగిలినా, గోడలు ఎంత మందంగా కట్టినా 20 డెసిబెల్స్‌కి మించి ఆగదు. పైపు వెళ్లే కన్నం, తలుపు కింది సందు, ఇవే మోసం చేస్తాయి. వేడి బయటికి పోవడానికి దారి పెట్టాలి కాబట్టి ఆ దారిని వంకరగా తిప్పి, లోపల స్పాంజి పరచండి.

టైమ్ తగ్గించడం

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మోత ఎక్కువున్న పనిని గంటల లెక్కన పంచండి. చుట్టూ తక్కువమంది ఉన్న టైమ్‌లో గోల పనులు పెట్టుకోండి. విరామం తీసుకునే చోటు నిజంగా నిశ్శబ్దంగా ఉండాలి, 70 డెసిబెల్స్ లోపు. మోత మధ్యలోనే బెంచీ వేసి కూర్చోబెడితే కాళ్లకి విశ్రాంతి, చెవులకి డ్యూటీ. మనుషుల్ని మార్చి మార్చి పంపడం ఒక్కటే పరిష్కారం అనుకుంటే మాత్రం ఒకరి చెవులకి బదులు ఇద్దరి చెవులు పాడుచేసినట్టవుతుంది. ముందు మెషీన్ సంగతి చూడాలి.

చెవికి ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

దూది పెడితే లాభం లేదు. పాటలు వినే ఇయర్‌ఫోన్లూ రక్షణ కావు. మోత మీద వినపడాలని సౌండ్ పెంచితే రెండు దెబ్బలు. పనికొచ్చేవి మూడు రకాలు: నలిపి పెట్టే ఫోమ్ ప్లగ్‌లు, కడిగి మళ్లీ వాడుకునే రబ్బరు ప్లగ్‌లు, చెవిమీద కప్పే ఇయర్‌మఫ్‌లు. మాటిమాటికీ తీసి పెట్టుకోవాల్సిన పనికి మఫ్ మేలు. ఎండలో, ఉక్కలో రోజంతా అయితే ప్లగ్.

ప్యాకెట్ మీద ఎన్ఆర్ఆర్ (ఎన్ని డెసిబెల్స్ ఆపుతుందో చెప్పే రేటింగ్) 29 అనో మరొకటనో అంకె ఉంటుంది. అది ల్యాబ్‌లో జాగ్రత్తగా పెట్టి కొలిచిన అంకె. పనిలో అంత రాదు. ఎన్ఆర్ఆర్‌లోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి లెక్క వేసుకోండి. 29 అయితే 22లో సగం 11. 100 మోతలో అది పెట్టుకుంటే చెవికి చేరేది 89 అనుకోవాలి. ఇంకా ఎక్కువే! అందుకే 100 దాటిన చోట ప్లగ్ పెట్టి దానిపైన మఫ్ కూడా వేయమంటారు. రెండూ వేస్తే రెండంకెలూ కలవవు, పెద్ద అంకె మీద మరో 5 వరకూ వస్తుంది, ఎందుకంటే కొంత శబ్దం పుర్రె ఎముక గుండా లోపలికి పోతూనే ఉంటుంది.

అలాగని అంతా మూసేయకూడదు. లోపలికి చేరేది 75 నుంచి 80 మధ్య ఉంటే బాగుంటుంది. 70 కన్నా తగ్గితే ఫోర్క్‌లిఫ్ట్ హారన్ వినపడదు, పక్కవాడి కేక వినపడదు, మనిషికి భయమేసి ప్లగ్ పీకేస్తాడు.

ఫోమ్ ప్లగ్ పెట్టడం చూడటానికి చిన్న పనే, పదిమందిలో చాలామంది తప్పుగా పెడతారు. చేతులు కడుక్కోండి. ప్లగ్‌ని వేళ్ల మధ్య మెల్లగా దొర్లిస్తూ ముడతలు లేకుండా సన్నటి పుల్లలా చేయండి. ముడత పడితే ఆ గాడిలోంచి మోత దూరుతుంది. కుడి చెవికి పెడుతున్నారనుకోండి, ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి కుడి చెవి పైఅంచు పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. చెవి దారి వంపు తిరిగి ఉంటుంది, ఇలా లాగితే తిన్నగా అవుతుంది. వెంటనే ప్లగ్ లోపలికి దోపి, వేలితో 30 సెకన్లు అదిమి పట్టుకోండి. లోపల అది ఉబ్బుతున్నది తెలుస్తుంది. వేలు ముందే తీస్తే ఉబ్బే ఫోమ్ బయటికి జారిపోతుంది.

సరిగ్గా పడిందా లేదా అన్నదానికి రెండు గుర్తులు. మాట్లాడితే మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు బోలుగా వినపడాలి. తర్వాత రెండు అరచేతులతో చెవుల్ని గట్టిగా మూసి తెరవండి. మూసినప్పుడు మోత బాగా తగ్గిందంటే ప్లగ్ సరిగ్గా లేదు, తీసి మళ్లీ పెట్టండి. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి ప్లగ్ బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తున్నా అదే అర్థం. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకుండా మెల్లగా తిప్పుతూ తీయండి. ఫోమ్‌వి వాడి పారేసేవే. రబ్బరువి రోజూ సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. చెవిలో చీము, నొప్పి, గట్టిపడ్డ గులిమి ఉంటే ప్లగ్ పెట్టకుండా ముందు డాక్టర్‌కి చూపించండి.

మఫ్‌తో తిప్పలు వేరు. కళ్లజోడు కాడలు, జుట్టు, టోపీ అంచు, మఫ్‌కి చెవి చుట్టూ ఆనే మెత్తటి దిండు కింద దూరితే సందు పడుతుంది. కళ్లజోడు తప్పదంటే సన్న కాడలున్నది వాడండి. దిండ్లు గట్టిపడినా, పగిలినా మార్చేయండి.

ఇక నేను అందరికీ చూపించే లెక్క ఒకటుంది. ఎంతో బాగా పనిచేసి 30 డెసిబెల్స్ ఆపే ప్లగ్ మీ దగ్గర ఉందనుకోండి. మోతలో గంటకి 5 నిమిషాలు తీసి ఉంచితే రోజు మొత్తంమీద మీకు దక్కే రక్షణ 30 కాదు, దాదాపు 11. షిఫ్ట్‌లో సగం టైమ్ తీసేస్తే 3. మెడలో దండలా వేలాడే ప్లగ్‌లు చూసినప్పుడల్లా నాకు ఈ మూడే గుర్తొస్తుంది.

"చెప్పింది చెవిన పెట్టరు, ఇచ్చింది చెవిలో పెట్టరు" అని సూపర్‌వైజర్లు విసుక్కుంటారు. పెట్టుకోకపోవడానికి కారణం ఉంటుంది, అది అడగండి. చెమటకి దురద, చెవి దారి సన్నగా ఉండి నొప్పి, మెషీన్ శబ్దంలో తేడా తెలియదన్న భయం. రెండు మూడు సైజులు, రకాలు తెచ్చి ఎవరికి నప్పింది వాళ్లని ఎంచుకోనివ్వండి. అందరికీ ఒకే సైజు చెప్పులు కొనం కదా. ముందు మీరు పెట్టుకుని లోపలికి వెళ్లండి.

మోత కాకుండా చెవికి వచ్చే ఇతర దెబ్బలు

చెవులు చిల్లులు పడేలా అంటుంటాం. వెల్డింగ్‌లో అది అక్షరాలా జరుగుతుంది. తల పైన వెల్డింగ్ చేసేటప్పుడు, లేదా పక్కకి పడుకుని చేసేటప్పుడు కాలే లోహపు బొట్టు చెవిలో పడి కర్ణభేరిని కాల్చి కన్నం చేస్తుంది. అలాంటి పనికి చెవుల్ని కప్పే నిప్పంటుకోని హుడ్ గానీ, వెల్డింగ్‌కి తగిన మఫ్ గానీ వేసుకోండి. మామూలు ఫోమ్ ప్లగ్ వేడికి కాలిపోవచ్చు. కంప్రెసర్ గాలిని సరదాకి కూడా ఎవరి తలవైపూ పెట్టొద్దు, అది కర్ణభేరిని చీల్చగలదు.

అలాంటిదేమైనా జరిగితే చెవిలో నీళ్లు, నూనె, చుక్కల మందు ఏదీ పోయకండి. పుల్ల పెట్టి గెలకకండి. పైన పొడిగా శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. పేలుడు శబ్దం తర్వాత గూబ గుయ్యిమని అలాగే ఉండిపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోయినా అంతే, రేపు చూద్దాం అనొద్దు. తలకి దెబ్బ తగిలి చెవిలోంచి రక్తం గానీ నీరులాంటిది గానీ కారుతుంటే దాన్ని ఆపడానికి దూది కుక్కకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొన్ని రసాయనాలు కూడా చెవిని దెబ్బతీస్తాయి, ఇది చాలామందికి తెలియదు. టోలీన్, జైలీన్, స్టైరీన్ లాంటి సాల్వెంట్లు, సీసం, కార్బన్ మోనాక్సైడ్. పెయింట్లు, థిన్నర్లు, రెసిన్‌లు వాడే చోట మోత కూడా ఉంటే రెండూ కలిసి ఎక్కువ నష్టం చేస్తాయి. గాలి ఆడేలా చూడండి, మోత 85 లోపే ఉన్నా చెవి పరీక్షలు చేయించండి.

పరీక్ష కాగితం దాచుకోండి

పనిలో చేరిన కొత్తలోనే వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేయించాలి. దానికి ముందు 14 గంటలు మోతకి దూరంగా ఉండాలి, లేకపోతే అలిసిన చెవిని కొలిచినట్టవుతుంది. ఆ తర్వాత ఏడాదికోసారి చేయించి మొదటి కాగితంతో పోల్చండి. 2000, 3000, 4000 హెర్ట్జ్‌ల దగ్గర వినికిడి సగటున 10 డెసిబెల్స్ తగ్గిందంటే అమెరికా చట్టం దాన్ని హెచ్చరికగా లెక్కిస్తుంది, మీరూ అలాగే చూడండి. ఆ మనిషిని పనిలోంచి తీసేయడానికి కాదు. ఒకరిని తీసేస్తే మిగతా అందరూ పరీక్షకి రాకుండా తప్పించుకుంటారు. ఆయన ప్లగ్ ఎలా పెట్టుకుంటున్నాడో, ఆయన మెషీన్‌లో ఏం మారిందో చూడండి. ఒక కాపీ ఆ మనిషి చేతికే ఇవ్వండి, ఉద్యోగం మారినా అది వెంట ఉండాలి. ఇప్పటికే వినికిడి తగ్గినవాళ్లు ఉంటే అలారంతో పాటు వెలిగి ఆరే లైటు పెట్టించండి. హియరింగ్ ఎయిడ్‌ని ఆఫ్ చేసి ఉంచితే ప్లగ్ అయిపోదు.

మాట్లాడాలంటే గీత బయటికి

ప్లగ్‌లు తీయించేది ఎక్కువగా సూపర్‌వైజర్లే. గ్రైండర్ దగ్గరికి వచ్చి ఏదో అడుగుతారు, అతను వినపడక ప్లగ్ తీస్తాడు, పక్కన ఇంకో మెషీన్ నడుస్తూనే ఉంటుంది. రోజుకి ఆరుసార్లు ఇలా జరిగితే ఇందాకటి 11 లెక్కే. అందుకే నేల మీద గీత గీయమన్నది. అతనికి కనపడేలా ఎదురుగా, దూరంగా నిలబడండి. వెనకనుంచి భుజం తట్టొద్దు, తిరిగే వీల్ చేతిలో ఉన్నవాడు ఉలిక్కిపడితే ఇంకో ప్రమాదం. చెయ్యి ఊపండి, మెషీన్ ఆపేదాకా ఆగండి, ఇద్దరూ నడిచి గీత దాటండి. ప్లగ్ అక్కడ తీయమనండి, చెప్పాల్సింది అక్కడ చెప్పండి. తిరిగి లోపలికి వెళ్లేముందు అతను ప్లగ్ నలిపి, చెవి పైకి లాగి, ముప్పై లెక్కపెట్టేదాకా మీరూ అక్కడే నిలబడండి.